మా కాగితం ఎవరు చదివి పెట్టాలె?

మా ఇండ్లల్లో పుస్తకాల అల్మారా ఉండదు. గోడలో ఒక తాఖ్ ఉంటుంది. అందులో జుజ్‌దాన్‌లో, అంటే గుడ్డ సంచిలో చుట్టిపెట్టిన ఖురాన్. పక్కన పిల్లలు అక్షరాలు దిద్దుకునే ఖాయిదా. ఇంకో మూల అమ్మీ చీరల కింద ఇనప పెట్టె. అందులో రేషన్ కార్డు, నిఖానామా, ఎవరిదో పదో తరగతి మెమో. మాలో చాలామందికి కాగితం అంటే ఈ రెండే. ఒకటి ముద్దు పెట్టుకుని కళ్లకద్దుకునేది. ఇంకొకటి అడిగినోళ్లకు తీసి చూపించాల్సింది. తీరిగ్గా కూర్చుని చదువుకునే కాగితం మా వాకిట్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

అందుకే, ఫోన్ తెర పుస్తకాన్ని మింగేస్తోందని పెద్దలు సభల్లో బాధపడుతుంటే, కొత్త పుస్తకం వాసన గురించి తలుచుకుని మురిసిపోతుంటే, మేం వెనక వరసలో ఏమనాలో తెలియక కూర్చుంటాం. మా బాధ ఇంకోచోట ఉంది.

మా ఇండ్లల్లో ఎవరైనా పోతే మూడోనాడు జియారత్. ఆరోజు మస్జిద్ నుంచి ఒక పెట్టె వస్తుంది. ఖురాన్‌లోని ముప్పై పారాలూ ముప్పై పలచని పుస్తకాలుగా అందులో ఉంటాయి. చాప మీద కూర్చున్నవాళ్లు తలా ఒకటి తీసుకుంటారు. పంక్చర్లు వేసేవాడు, పండ్ల బండివాడు, బడిపంతులు, అందరూ ఒక్క వరసలో. ఒక్కడే చదివితే రోజులు పట్టే గ్రంథం గంటలో ముగుస్తుంది. చదవడం రానివాళ్లు చింతగింజలు లెక్కపెడుతూ కలిమా చెప్పుకుంటారు. అరబ్బీ అర్థం మాలో ఎక్కువమందికి తెలియదు. ఆ సంగతి దాచుకోం. కానీ ఆ గంటసేపు ఇల్లంతా తేనెటీగల రొదలాగా ఒక చప్పుడు ఉంటుంది. పోయినవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుంటుంది.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా ఖాలా పోయింది. జనాజాకే నలుగురు దొరకలేదు, జియారత్‌కు ఎవరొస్తారు? పిల్లలు వాట్సప్‌లో గ్రూపు పెట్టి పారాలు పంచారు. ఐదోది జెద్దాలో, పన్నెండోది దుబాయిలో, పంతొమ్మిదోది నల్లగొండలో. ఎవరి ఫోన్‌లో వాళ్లు చదివారు. రాత్రికల్లా ముప్పై నంబర్ల పక్కన ముప్పై టిక్కులు పడ్డాయి. తెర లేకపోతే ఆమెకు ఆ చదువు దక్కేది కాదు. కాగితాన్ని పొగడాలని ఈ నిజాన్ని మింగేయలేం. ఆ చప్పుడు మాత్రం లేదు. తప్పు చదివితే పక్కవాడు మోచేత్తో పొడిచి సరిదిద్దడమూ లేదు.

వుజూ లేకుండా ఖురాన్ ముట్టం కదా, మరి ఖురాన్ ఉన్న ఫోన్‌ని? పిల్లలు అడుగుతారు. తెర మీద ఆయతు కనబడనప్పుడు ఫర్వాలేదని చాలామంది ఆలిములు చెప్తారు. చినిగిపోయిన ఖురాన్ పేజీని మేం చెత్తలో వేయం. మట్టిలో దాస్తాం, లేదా పారే నీళ్లలో వదులుతాం. అదే ఖురాన్ ఉన్న పాత ఫోన్‌ని వెయ్యి రూపాయలకు బేరమాడి అమ్మేస్తాం. ఇందులో నవ్వొచ్చేదీ ఉంది, దిగులేసేదీ ఉంది.

అసలు దిగులు మా దాదా బయాజ్ తెరిచినప్పుడు మొదలైంది.

దాదా అంటే మా నాయన తండ్రి. పట్వారీ దగ్గర రాతకోతల పని చేసేవాడు. బయాజ్ అంటే ఆయన నోటు పుస్తకం. పుట్టుకలు, చావులు, బాకీలు, దగ్గుకు కషాయాలు, అన్నీ అందులోనే. అంతా ఉర్దూ. ఆయన కాలంలో హైదరాబాద్ రాజ్యంలో కొలువుల భాష అది. 1918లో మొదలైన ఉస్మానియాలో పైచదువులు కూడా ఉర్దూలోనే చెప్పారు. 1948 తర్వాత ఉర్దూ అన్నం పెట్టడం మానేసింది. అబ్బాను తెలుగు బడికి పంపారు. ఆయన ఉర్దూను కూడబలుక్కుని చదువుతాడు, అదీ అచ్చయితేనే. మేం అదీ చదవలేం. ఇంట్లో మాట్లాడతాం గానీ లిపి రాదు. మా పిల్లలు ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుంటారు. మూడు తరాల్లో ఒక ఇంటి అక్షరాలు ఇట్లా జారిపోయాయి. ఆ పని చేసింది ఫోన్ కాదు. ఫోన్ వచ్చేసరికే అవి మా చేతిలో లేవు.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల తుది జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా దాంట్లో లేరు. డిసెంబరులో పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టం చేసింది. దేశమంతటా అట్లాంటి జాబితా తీస్తారన్న మాట మా గల్లీల్లో రాత్రుళ్లు నిద్ర పట్టనీయలేదు. అందరిలాగే మేమూ ఇనప పెట్టె దులిపాం. అబ్బా పుట్టిన తేదీకి సరైన కాగితం లేదు. బడిలో వేసింది పంతులు ఉజ్జాయింపుగా వేసిన తేదీ. అప్పుడు బయాజ్ గుర్తొచ్చింది. అది ఏ ఆఫీసులోనూ చెల్లదని తెలుసు. అయినా మా కోసం మేం చూసుకోవాలనిపించింది.

ఫోన్ కెమెరా పెట్టి చూశాం. అచ్చు ఉర్దూనయితే అది ఎంతో కొంత పట్టుకుంటోంది. దాదా గొలుసుకట్టు రాత ముందు చేతులెత్తేసింది. చివరికి బయాజ్ పట్టుకుని ఛత్తా బజార్‌కు పోయాం. ఒకప్పుడు అక్కడ కాతిబులు పుస్తకాలకు పుస్తకాలే చేత్తో రాసి అచ్చుకిచ్చేవాళ్లు. 1981లో నూరీ నస్తాలిఖ్, 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఆ పని కంప్యూటర్‌కు పోయింది. మాకు దొరికిన కాతిబ్ చాచా పెండ్లి కార్డుల మీద పేర్లు రాస్తూ కూర్చున్నాడు.

ఆయన అద్దాలు తుడుచుకుని చదివాడు. హిజ్రీ తేదీ, వారం, పిల్లవాడి పేరు. దాని పక్కన చిన్న మాట: "బారిష్ బహుత్ థీ." ఆ పొద్దు వాన బాగా పడిందట. అబ్బా ఆ మాటను మళ్లీ చదివించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషికి తాను వానలో పుట్టిన సంగతి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ అది మా పెట్టెలోనే ఉంది.

ఇది మీ తురకల ముచ్చట, మాకెందుకు అనుకోకండి. తెలంగాణ పల్లెల్లో మీ ఇనప పెట్టెల్లోనూ ఉర్దూ కాగితాలున్నాయి. సేత్వార్, పహాణీ, మున్తఖబ్. హద్దుల తగాదా వస్తే రెడ్డయినా గొల్లయినా వాటిని పట్టుకుని ఊళ్లో ముసలి సాయిబు దగ్గరికే వచ్చేవాడు, "జర చదివి పెట్టు భాయ్" అని. 2020లో భూముల లెక్క ధరణి తెర మీదికెక్కింది. 2025లో దాని చోట భూభారతి వచ్చింది. తెర మీద పేరు లేని రైతు మళ్లీ పాత కాగితమే వెతుక్కోవాలె. దాన్ని చదివే ముసలాయన ఇప్పుడు ఎన్ని ఊళ్లల్లో ఉన్నాడు?

కాగితం ఉంటుందా పోతుందా అని మమ్మల్నడిగితే మేం చెప్పేది ఇంతే. చదివే మనిషి లేకపోతే కాగితం చెదలకు తిండి, తెర వట్టి బొమ్మ. బయాజ్ పేజీలన్నీ ఫోటోలు తీసి దాచాం. జెద్దాలో ఉన్న మా తమ్ముడి ఫోన్‌లోనూ ఉన్నాయి. ఇక నానవు, కాలవు. అయితే దాచుకున్నాం గానీ చదువుకోలేదు.

కాతిబ్ చాచాను అడిగాం, మాకూ పిల్లలకూ అక్షరాలు నేర్పమని. ఆయన నవ్వాడు. "అబ్ కౌన్ పఢ్తా మియా?" అన్నాడు. అయినా ఆదివారాలు రమ్మన్నాడు. పలక మీద అలిఫ్, బే దిద్దుతున్నాం. ఇంటికొచ్చాక పిల్లలు ఫోన్‌లో అవే అక్షరాలు వెతుక్కుంటున్నారు. అక్కడ ఉర్దూ చాలాసార్లు నస్ఖ్ లిపిలో, ఎవరో అరబ్బు వేషం వేసినట్టు కనబడి వాళ్లు తికమకపడతారు. అప్పుడు పలక తీస్తాం. పలక మీద చిన్నగా పడి అర్థం కానిదాన్ని ఫోన్‌లో పెద్దది చేస్తాం. రెండూ కావాలె.

మొన్న మా చిన్నది బయాజ్ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, బే, అలిఫ్, రే, షీన్ అని ఒక్కొక్కటే కలుపుకుంటూ, "బారిష్" అని చదివింది. అబ్బా పక్క గదిలోంచి లేచి వచ్చాడు.

ఇంకా ఎనభై పేజీలున్నాయి.