లేక్ జెనీవాలో ఒక గాబ్లిన్

రూట్ 12 మీద ఉత్తరంగా పోతూ రిచ్‌మండ్ దాటగానే ఇల్లినాయ్ అయిపోయి విస్కాన్సిన్ మొదలవుతుంది. మార్చి నెల. పొలాల అంచుల్లో మట్టి కలిసిన మంచు ఇంకా కుప్పలుగానే ఉంది. కారు నడుపుతున్న మా మేనల్లుడు, "అత్తా, చూసి వచ్చేస్తానంటే కుదరదు, కూర్చుని ఆడాల్సిందే" అని షికాగోలో బయల్దేరినప్పటి నుంచీ ఒకటే పోరు. డిగ్రీ పిల్లలకు సంభావ్యత చెప్పి రిటైరైనదాన్ని, పాచికలకు భయపడతానా!

లేక్ జెనీవా చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్ ఇక్కడ ఉంటున్న రోజుల్లోనే, ఆయనా డేవ్ ఆర్నెసన్ కలిసి రాసిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట 1974లో వచ్చింది. మొదటి విడత వెయ్యి పెట్టెలు, పెట్టె పది డాలర్లు. సెంటర్ స్ట్రీట్‌లో ఆయన అప్పట్లో ఉన్న ఇంటిని రోడ్డు మీద నిలబడే చూశాం. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అక్కడేమీ లేదు. ఆయన 2008లో పోయాక, మరుసటి ఏడు ఆయన పేరు మీద గ్యారీ కాన్ అనే ఆటల సమావేశం మొదలైంది. అది జరిగే గ్రాండ్ జెనీవా రిసార్ట్ ఒకప్పుడు ప్లేబాయ్ క్లబ్బట. ఇప్పుడు హాళ్ల నిండా నెరిసిన గడ్డాలవాళ్లు, వాళ్ల చేతుల్లో పాచికల సంచులు.

మా బల్ల దగ్గర ఆట నడిపే డన్జన్ మాస్టర్ నాకొక కాగితం ఇచ్చాడు. నేను కత్తి పట్టిన ఫైటర్‌ని. నా హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, 12. ఎదురుగా ఒక గాబ్లిన్. దాని ఆర్మర్ క్లాస్, అంటే కవచం గట్టిదనం, 15; హిట్ పాయింట్లు 7. మేం ఆడింది 2014 నాటి నిబంధనలతో. ముందు ఇరవై ముఖాల పాచిక వేసి దానికి ఐదు కలపాలి. పదిహేనుకు తగ్గకపోతే కత్తి తగిలినట్టు. అంటే 10 నుంచి 20 దాకా పదకొండు ముఖాలు నావి, నూటికి యాభై ఐదు పాళ్లు. తగిలితేనే రెండో పాచిక. అది ఎనిమిది ముఖాలది, పడ్డదానికి మూడు కలిపితే ఎంతో అంత దెబ్బ.

ఇక్కడే నాకు పేచీ వచ్చింది. కవచం వేసుకుంటే దెబ్బ తగ్గాలి గానీ, అసలు తగలకుండా పోవడమేమిటి?

ఆయనకిది కొత్త ప్రశ్న కాదు, నవ్వాడు. దీనికి ముందు 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధపు ఆటలో మామూలు సైనికుడికి దెబ్బ తగిలిందంటే పోయినట్టే. ఆర్మర్ క్లాసు, హిట్ పాయింట్లు తాను రాసుకున్న ఇనుప యుద్ధనౌకల ఆటలోంచి వచ్చాయని ఆర్నెసనే చెప్పాడట. ఓడ అనుకోగానే నాకు లెక్క కుదిరింది. రేకును చీల్చుకుని గుండు లోపలికి వెళ్లిందా అనేది ఒక ప్రశ్న, ఓడ ఇంకెన్ని గుండ్లకు ఓర్చుకుంటుందనేది వేరే ప్రశ్న. పాత డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆర్మర్ క్లాస్ ఎంత తక్కువైతే అంత గట్టి. ఒంటి మీద కవచమే లేనివాడికి 9, నిండు కవచం, డాలు ఉన్నవాడికి 2. దాన్ని తిరగేసింది 2000లో. పిల్లలకు పాఠం చెప్పినదాన్ని కాబట్టి అంటున్నాను, ఆ పని ముందే చెయ్యాల్సింది.

ఇంతలో మా జట్టులోని ఒకమ్మాయి గాబ్లిన్‌ని తోసి కింద పడేసింది. పడిపోయినవాడిని దగ్గర నుంచి కొడితే అడ్వాంటేజ్: రెండు ఇరవై ముఖాల పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. నాప్కిన్ మీద లెక్క వేశాను. రెండూ పదికి తక్కువే పడటానికి నాలుగు వందలింట ఎనభై ఒకటి. అంటే యాభై ఐదు కాస్తా దాదాపు ఎనభై అయింది!

వేశాను. ఒకటి 6, ఇంకొకటి 20. బల్లంతా కేకలు. ఇరవై పడితే దెబ్బ పాచికను రెండుసార్లు వెయ్యాలి. మూడు మాత్రం ఒక్కసారే కలుస్తుంది. మొదటిసారి 1 పడింది. రెండోసారీ 1. మొత్తం 5. గాబ్లిన్ రెండు పాయింట్లతో బతికిపోయింది. అలా బతకడానికి అరవై నాలుగింట మూడే అవకాశాలని గట్టిగా చెప్పాను గానీ, దానికి చెవులున్నాయా!

లేచి నన్నే పొడిచింది. ఆరు పోయాయి. సగం ప్రాణం పోయినా నా +5 అలాగే ఉంది. చెయ్యి వణకదా అని అడిగితే, సున్నాకు వచ్చేదాకా వణకదన్నారు. సున్నా అయితే పడిపోయి, ప్రతి వంతుకీ ఇరవై ముఖాల పాచిక వేస్తూ ఉండాలి. పది, ఆపైన మూడుసార్లు పడితే గండం గట్టెక్కినట్టు. మూడుసార్లు తక్కువ పడితే పోయినట్టే. ఆ అవసరం రాలేదు. మావాడి బాణం గాబ్లిన్‌ని పడగొట్టింది.

తిరుగు దారిలో, "ఈసారి పెద్ద గొడ్డలి తీసుకో అత్తా, దానికి పన్నెండు ముఖాల పాచిక" అన్నాడు. రెండు ఆరు ముఖాల పాచికలు వేసే పెద్ద కత్తే మేలన్నాను. దాని సగటు ఏడు, గొడ్డలికి ఆరున్నరే.

"సగటు కోసం ఎవరాడతారత్తా? పన్నెండు పడాలి గానీ!"

గొడ్డలికి పన్నెండు పడటం పన్నెండింట ఒకసారి, కత్తికి ముప్పై ఆరింట ఒకసారి. అక్కడ మాత్రం వాడే గెలిచాడు.