డాబా మీద గడ్డిగులాబీ

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాకలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మట్టి కనిపించే పెరడు అరుదు కాబట్టి, ఇక్కడ రాళ్ళతోట చూడాలంటే మెట్లెక్కాల్సిందే.

మేము వెళ్ళిన డాబా మీద పిట్టగోడ పొడవునా పునాది తవ్వకంలో దొరికిన రాతిముక్కలు పేర్చి ఉన్నాయి. వాటి సందుల్లోంచి గులాబీ, పసుపు, నారింజ రంగుల్లో గడ్డిగులాబీ కిందికి జారుతోంది. దూరాన కొండమీద ఫలక్‌నుమా ప్యాలెస్. ఈ రాళ్ళు హైదరాబాద్ గ్రానైట్; దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. గడ్డిగులాబీ దాని ఒడికి నిన్నగాక మొన్న చేరిన చుట్టం. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనాలో మెండోజా ప్రాంతంలో వైద్యుడు జాన్ గిలీస్‌కు కనిపించిన ఈ మొక్కను 1829లో వృక్షశాస్త్రవేత్త విలియం జాక్సన్ హుకర్ వర్ణించి, పోర్చులాకా గ్రాండిఫ్లోరా అని పేరుపెట్టాడు.

ఎండెక్కితేనే పూలు విచ్చుకుంటాయి. మబ్బు పట్టిన రోజు మొగ్గలు మొగ్గలుగానే ఉండిపోతాయి.

తోట పెంచిన పెద్దావిడ ఒక తీగ తుంచి చూపించింది. సూదుల్లాంటి ఆకులు నీటితో ఉబ్బి ఉన్నాయి, కణుపుల దగ్గర తెల్లటి నూగు. వేలెడు కొమ్మను ఒకరోజు నీడలో ఆరనిచ్చి, మొరం, ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువు కలిపిన సందులో గుచ్చుతుందట. "రోజూ నీళ్ళు పొయ్యద్దు బిడ్డా, మురుగుతది" అంది. మన ఇళ్ళల్లో ఈ మొక్క ఎక్కువగా చచ్చేది మన ప్రేమవల్లే. లాల్‌దర్వాజా బోనాల రోజుల్లో ముసురు పట్టిందంటే వేర్ల దగ్గర నీరు నిలవకూడదు. రాళ్ళు చేసే మేలు అదే: వాన నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి. తెల్లగా పిండినల్లి కనబడిన కొమ్మను ఆమె వెంటనే తుంచి పారేస్తుంది.

దిగి గల్లీలోకి రాగానే తోపుడుబండి మీద గంగవాయిలి కూర కట్టలు. పాతబస్తీ దీన్ని ఖుల్ఫా అంటుంది. మాంసంతో కలిపి వండుతుంది. గడ్డిగులాబీకి ఇది దగ్గరి బంధువు, అదే పోర్చులాకా ప్రజాతి. కరువులో ఈ కూరమొక్క రాత్రిపూట కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి దాచుకుంటుంది. పగటి పద్ధతీ రాత్రి పద్ధతీ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

ఒక కట్టలో ముదురు కాయ కనిపించింది. గోటితో తాకగానే డబ్బీ మూతలా పైభాగం ఊడింది. లోపల ఆవాలకన్నా చిన్నవైన నల్లటి గింజలు. డాబా మీది గడ్డిగులాబీ కాయ కూడా సరిగ్గా ఇలాగే తెరుచుకుంటుంది.