ఇసుక మోసిన చేతులు

పదేళ్లు దాటాయో లేదో, ఆ పిల్లాడి చేతికి పార వచ్చింది. కామెరూన్ దేశంలో, పశ్చిమాన బాటియే అనే ఊరు. అక్కడి ఇసుక క్వారీలో దిగి తవ్వాలి, తవ్విందంతా లారీలకెత్తాలి. అమ్మానాన్నా అతని ఆరో ఏటే విడిపోయారు. చుట్టాల ఇళ్లలో పెరిగాడు. బడికెళితే నోటు పుస్తకం ఉండదు, పెన్నుండదు. అలాంటివాడు ‘నేను బాక్సర్నవుతా’ అంటుంటే వినేవాళ్లకు నవ్వు రాక ఏమొస్తుంది? ఆ ఊళ్లో బాక్సింగ్ నేర్పేవాళ్లే లేరు మరి.

ఆ పిల్లాడే ఫ్రాన్సిస్ ఎన్‌గానూ. 1986లో పుట్టాడు. తండ్రికి ఊళ్లో పేరుంది కానీ అది మంచి పేరు కాదు... వీధి కొట్లాటల పేరు. ఒడ్డూ పొడుగూ చూసి జనం ‘అచ్చం తండ్రి పోలికే’ అనేవారు. ఆ మాట అతన్ని బాగా కుదిపింది. దెబ్బకొట్టే చెయ్యి వంశంలోనే ఉంటే, దాన్ని నలుగురూ మెచ్చే పనికి వాడదామనుకున్నాడు. తీరా గ్లవుజులు తొడుక్కునే అవకాశం దొరికేసరికి 22 ఏళ్లొచ్చాయి. మిగతా బాక్సర్లు అప్పటికి పదేళ్ల సాధన పూర్తి చేసుంటారు.

ఊళ్లో ఉంటే లాభం లేదని 2012లో బయల్దేరాడు. విమానంలో కాదు. నైజీరియా, నైజర్ దాటి, సహారా ఎడారి మీదుగా అల్జీరియా, అక్కణ్నుంచి మొరాకో. దారిలో జంతువులు చచ్చిపడిన బావుల్లో నీళ్లు కూడా తాగానని తర్వాత చెప్పాడు. మొరాకోలో రాత్రిపూట మార్కెట్ చెత్తలో తిండి వెతుక్కునేవాడట. ఓ టమాటా కోసం ఎలుకతో పోటీపడిన సంగతి నవ్వుతూనే చెబుతాడు. వినేవాళ్లకే నవ్వు రాదు. ముళ్లకంచె ఎక్కబోయి ఒళ్లు చీరుకుపోయింది. గాలి నింపిన పడవలో సముద్రం దాటబోతే పట్టుకుని వెనక్కి తోశారు. ఒకసారి కాదు, పలుమార్లు. చివరికి స్పెయిన్ చేరితే అక్కడా నిర్బంధమే. 2013లో పారిస్‌లో అడుగుపెట్టేనాటికి ఇల్లు విడిచి 14 నెలలు. తెలిసినవాళ్లు లేరు. కార్ల పార్కింగ్ స్థలంలో పడుకునేవాడు. అయినా మొదట వెతికింది ఇంటిని కాదు, బాక్సింగ్ జిమ్‌ని!

అక్కడివాళ్లు అతని కండలు చూసి ‘నీకు ఎంఎంఏ నప్పుతుంది’ అన్నారు. అదేమిటో అతనికి తెలియదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్... బాక్సింగ్, కుస్తీ, జూడో, కిక్ బాక్సింగ్ అన్నీ కలిసిన పోటీ. చుట్టూ వల కట్టిన బరి, వేళ్లు బయటికి కనిపించే పల్చని గ్లవుజులు. ప్రత్యర్థిని కింద పడేసి కూడా కొట్టొచ్చు. మామూలు పోటీకి అయిదు నిమిషాల రౌండ్లు మూడు, టైటిల్ పోటీకి అయిదు. ఫెర్నాండ్ లోపెజ్ అనే కోచ్ తన జిమ్‌లో సాధన చేయనిచ్చాడు. ఆ ఏడాది నవంబరులోనే మొదటి పోటీ. రెండేళ్లు తిరిగేసరికి, 2015 డిసెంబరులో, ఈ ఆటలో అతిపెద్ద సంస్థ యూఎఫ్‌సీలో అతని పేరు వినపడింది.

అతని పిడికిలికి ఎదురు లేదన్నారంతా. 2018 జనవరిలో స్టైప్ మియోచిచ్ ఆ భ్రమ తీర్చాడు. అతను చాంపియన్, పైగా అమెరికాలోని ఒహాయోలో అగ్నిమాపక ఉద్యోగి కూడా! కుస్తీతో కింద పడేసి, అయిదు రౌండ్లూ అలవగొట్టి గెలిచాడు. ఓటమికంటే దాని తర్వాత జరిగిందే ఘోరం. ఆర్నెల్లకు డెరిక్ లూయిస్‌తో పోటీలో ఎన్‌గానూ చెయ్యే ఎత్తలేకపోయాడు. జనం గేలి చేశారు. వెనకటి పోటీ భయం వెంటాడిందని తనే ఒప్పుకున్నాడు. ఎడారి దాటినవాడికి బరిలో భయమేమిటి అనిపిస్తుంది. కానీ భయానికి లెక్కలుండవు కదా.

తర్వాత నలుగురితో తలపడి నలుగుర్నీ పడగొట్టాడు. ఆ నాలుగు పోటీలూ కలిపి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. 2021 మార్చి 27న మళ్లీ మియోచిచ్ ఎదురయ్యాడు. ఈసారి రెండో రౌండ్లోనే అయిపోయింది. హెవీవెయిట్ బెల్టుతో సొంత దేశం వెళితే జనం రోడ్ల మీదికొచ్చారు.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు విజయగాథే. అసలు పేచీ ఇప్పుడే మొదలైంది. యూఎఫ్‌సీ పోటీదారులు ఉద్యోగులు కారు, పోటీకింత అని ఒప్పందం మీద ఆడేవాళ్లు. 2022 జనవరిలో, మోకాలు దెబ్బతిని ఉండగానే, సిరిల్ గాన్‌ను ఓడించి బెల్టు నిలుపుకుంటే అధికారికంగా ప్రకటించిన పారితోషికం ఆరు లక్షల డాలర్లు. మనకది పెద్ద మొత్తమే. కానీ అతను అడిగింది డబ్బొక్కటే కాదు. బాక్సింగ్ ఆడే స్వేచ్ఛ కావాలన్నాడు, పోటీదారులకు ఆరోగ్య బీమా కావాలన్నాడు, వాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఉండాలన్నాడు. సంస్థ చరిత్రలో ఏ హెవీవెయిట్‌కూ ఇవ్వనంత ఇస్తామన్నామని యూఎఫ్‌సీ అధిపతి డానా వైట్ చెప్పాడు. అయినా సంతకం పెట్టలేదు. 2023 జనవరిలో బెల్టు వదిలి బయటికొచ్చేశాడు. పిచ్చివాడన్నారు చాలామంది.

ఆ మేలో పీఎఫ్‌ఎల్ అనే పోటీ సంస్థతో ఒప్పందం కుదిరింది. అందులో ఓ షరతు చూడండి: తనతో తలపడేవాడికి కనీసం 20 లక్షల డాలర్లివ్వాలి. కొట్టబోయేవాడి కూలి గురించి బేరమాడిన మనిషిని ఎక్కడైనా చూశామా?

అక్టోబరు 28న రియాద్‌లో చిన్ననాటి కల తీరింది. తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ, ఎదురుగా టైసన్ ఫ్యూరీ. మూడో రౌండ్లో ఎడమ చేతి దెబ్బకు ఫ్యూరీ కిందపడ్డాడు! చివరికి ఇద్దరు జడ్జీలు ఫ్యూరీ వైపు, ఒకరు ఎన్‌గానూ వైపు మొగ్గారు. 2024 మార్చిలో ఆంథొనీ జాషువా చేతిలో మాత్రం రెండో రౌండ్లోనే నేలకొరిగాడు.

ఆ తర్వాతి నెలలో అతని కొడుకు కోబీ చనిపోయాడు. పదిహేను నెలల పసివాడు. ఏ ప్రత్యర్థికీ లొంగని మనిషి, ఇక ఆడగలనో లేదో తెలియదన్నాడు.

ఆడాడు. అక్టోబరు 19న మళ్లీ రియాద్. ఎదుట ఆరడుగుల ఎనిమిది అంగుళాల రెనాన్ ఫెరీరా. ఎన్‌గానూ ఈసారి పిడికిలికంటే ముందు కుస్తీ వాడాడు, ఆరేళ్ల కిందట తనను ఓడించిన కుస్తీనే. కింద పడేసి, మొదటి రౌండ్లోనే ముగించాడు. తర్వాత మైకు ముందు కన్నీళ్లాగలేదు. కోబీ కోసమే ఈ పోటీకి ఒప్పుకున్నానన్నాడు. వాడి పేరు జనం గుర్తుంచుకుంటే చాలన్నాడు.