హెబ్బాళ ఆసుపత్రిలో పిల్లుల వరుస

బెంగళూరులో బళ్లారి రోడ్డు మీద, హెబ్బాళలో, 1958 నాటి పశువైద్య కళాశాల ఉంది. దాని ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లాను. కుక్కలు మొరుగుతున్నాయి. పిల్లులు మాత్రం బుట్టల్లో, జిప్పు సంచుల్లో కిక్కురుమనకుండా ఉన్నాయి. పిల్లితో చిక్కే అది. నొప్పిని దాచుకోవడం దాని నైజం. ఇంట్లోవాళ్లు పసిగట్టేసరికి జబ్బు ముదిరిపోతుంది.

నా పక్కన మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒకావిడ కూర్చున్నారు. ఒళ్లో ఎర్రటి గండుపిల్లి.

"రాత్రి నుంచీ ట్రేలోకి పోవడం, ముక్కడం, వచ్చేయడం. విరేచనం బిగిసిందేమో, ఆముదం పడదామనుకున్నా సార్" అన్నారు డాక్టరుతో.

ఆయన పిల్లి పొట్ట కింది భాగం నెమ్మదిగా తడిమారు. "బిగిసింది విరేచనం కాదమ్మా, మూత్రం. ఆముదం పట్టకుండా తెచ్చి మంచి పని చేశారు."

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. సన్నని రాళ్లపొడి, జిగురు కలిసి అడ్డంపడితే చుక్క కూడా దిగదు. మూత్రంలో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీస్తుంది. రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మత్తిచ్చి, గొట్టం వేసి మూత్రం తీసేదాకా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆ పిల్లి బతకడానికి కారణం మందుకన్నా ముందు ఆవిడ తొందరే అని నా నమ్మకం.

తిండి మానేసిన పిల్లినీ తేలిగ్గా తీసుకోకూడదు. ఒళ్లున్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, చిగుళ్లు పాలిపోయినా, పచ్చబడినా వెంటనే బయల్దేరాలి. కూనల్లో వాంతులు, విరేచనాలు పార్వో జాతి వైరస్‌వి కావచ్చు. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టే టీకా ఉంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మనింటి మందుల డబ్బా. మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్‌ను పిల్లి కాలేయం విరిచేయలేదు. ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తాయి. ఒక్క మాత్ర చాలు, చంపడానికి. పసిబిడ్డకిచ్చే సిరప్ కూడా పోయొద్దు.

మీ ఇంట్లో మగపిల్లి ఉంటే ట్రే శుభ్రం చేసేటప్పుడు ఇసుక తడిసిందో లేదో చూడండి. పదేపదే ముక్కుతున్నా తడి కనబడకపోతే, తెల్లారేదాకా ఆగకుండా రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రికి తీసుకుపోండి.