నాచారం షెడ్ల నుంచి గల్ఫ్ హోటళ్ల దాకా

బయటివారికి ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం. కాని నాగోల్ నుంచి వచ్చే మెట్రో రైలులో హబ్సిగూడ వద్ద దిగి, నాచారం రోడ్డు పట్టుకుంటే మరో లోకం ఎదురవుతుంది. పారిశ్రామిక వాడలోని ఆ షెడ్లలో లేత్ యంత్రాలు తిరుగుతుంటాయి, వెల్డింగ్ మెరుపులు రాలుతుంటాయి, కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుడుతుంటారు. గల్ఫ్ దేశాల హోటళ్లలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న మన సోదరులలో ఎందరికో చేయి తిరిగింది ఇటువంటి షెడ్లలోనే.

ఆ ఉద్యోగం నుంచి తిరిగి వచ్చిన నాచారం పెద్దమనిషి ఒకరిని మేము కలిశాము. "అతిథికి మేము కనబడకపోవడమే మా పనితనం" అన్నారాయన. నిజమే. పై అంతస్తుల్లో పాలరాయి, పూలగుత్తులు. నేలమాళిగలో చిల్లర్లు, బాయిలర్లు, నీటి పంపులు, జనరేటర్లు. చెడిపోయాక బాగుచేయడం కంటే చెడిపోకముందే పరీక్షించడం సూపర్‌వైజర్ ప్రథమ కర్తవ్యం. ఏ యంత్రాన్ని ఏ రోజు చూడాలో పట్టిక వేసి, పనివారికి అప్పగించి, సంతకం పెట్టేది ఆయనే.

ఆ సంతకం వెనుక ప్రాణాలు ఉంటాయి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగింది. దానికి హాజరైనవారిలో దాదాపు 30 మంది తెలియని న్యుమోనియాతో మరణించారు. ఆ తర్వాతే లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి లోకానికి తెలిసింది. శుభ్రపరచని కూలింగ్ టవర్లలో, గోరువెచ్చగా నిలిచిపోయిన నీటిలో అది పెరుగుతుంది. అందుకే వేడినీటి ట్యాంకును 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచుతారు. ఎవరూ చూడని చోట ఆ అంకెను నిజాయితీగా రాయడమే అమానతు. మక్కాలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు గనుక, హాజీలు బస చేసే అక్కడి హోటళ్లలో ఈ బాధ్యత మోసేవారు ముస్లిములే.

అయితే కనబడని పనికి దక్కే ప్రతిఫలం కాగితంపై స్పష్టంగా కనబడాలి. ఉద్యోగ పత్రంలో మొత్తం జీతాన్ని చూసి మురిసిపోతాం. మూల వేతనం ఎంతో చూడం. యు.ఎ.ఇ. చట్టం ప్రకారం ఏడాది పూర్తి చేసిన ఉద్యోగికి మొదటి 5 సంవత్సరాలకు ఏటా 21 రోజుల చొప్పున, ఆపై ఏటా 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ లభిస్తుంది. దాన్ని లెక్కించేది మూల వేతనం మీదనే. వసతి, ప్రయాణ భత్యాలు అందులోకి రావు. జీతం ఒకటే అయినా, మూల వేతనం సగమైతే పదేళ్ల తర్వాత చేతికందేదీ సగమే.

కాబట్టి బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ పత్రాన్ని చదవాలని మా మనవి. పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా? అడిగే సేవా రుసుము చట్టం విధించిన 30,000 రూపాయలు, దానిపై పన్ను మించుతున్నదా? రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో విచారించారా? ఈ ప్రశ్నలు తల్లి వేసినా, భార్య వేసినా అవమానంగా భావించరాదు. పరాయి దేశంలో ప్రతి మీటరును పరీక్షించి సంతకం చేసే చేయి, తన సొంత ఒప్పందంపై చదవకుండా సంతకం చేయడం న్యాయం కాదు.