సికిందరాబాదులో పది రోజుల షావుకారు

సికిందరాబాదుకు వచ్చే ప్రతివాడూ యేదో వొకటి కొనడానికే వస్తాడు. పెళ్లిచీరలకని జనరల్ బజారుకు వస్తాడు, కూరలకని మోండా మార్కెట్టుకు వస్తాడు, యేమీ అక్కర లేకపోతే రైలు టిక్కెట్టుకైనా వస్తాడు. నేనూ యిరవై యేళ్లుగా అలా కొనేవాడినే. మొన్న వేసవి సెలవులలో మాత్రం మొదటిసారిగా అమ్మడానికి వెళ్లాను. కొనేవాడికి కనిపించే వూరు వేరు, అమ్మేవాడికి కనిపించే వూరు వేరు అని అప్పుడు తెలిసింది.

సంగతేమిటంటే, మా మేనమామకు కంటిలో శుక్లం తీశారు. పది రోజులు దుమ్ములోకి వెళ్లవద్దన్నారు డాక్టరుగారు. ఆయనకు జనరల్ బజారుకూ మోండాకూ నడుమ వొక సందులో చిన్న కిరాణా దుకాణం వుంది. కొడుకు అమెరికాలో వున్నాడు. "పది రోజులు మూస్తే కొంపలేం మునగవు" అంది అత్తమ్మ. మామ మాట్లాడలేదు. ఆయన ముఖం చూసి, "నేను కూర్చుంటాను" అనేశాను. తెలుగు ఎమ్మే చదివి, యేళ్ల తరబడి పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడికి పప్పూ వుప్పూ తూచడం వొక లెక్కా అనుకున్నాను!

మా యిల్లు సీతాఫలమండిలో. పొద్దున్నే స్టేషను దగ్గర దిగి, గడియారస్తంభం పక్కగా నడిచి వెళ్లేవాణ్ణి. స్టేషను 1874 నాటిది, గడియారస్తంభం 1897 నాటిది. అసలు వూరు వాటికన్న పాతది. 1798లో నిజాముకూ యింగ్లీషు కంపెనీకీ కుదిరిన వొడంబడిక ప్రకారం వచ్చిన పటాలం హుస్సేన్ సాగరానికి యీవలి గట్టున దిగింది. 1806లో ఆ చోటుకు మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పటాలం వున్నచోట అంగడి లేకుండా వుంటుందా? సిపాయికి వుప్పు కావాలి, దొరకు సబ్బు కావాలి, గుర్రానికి వులవలు కావాలి. కోమట్లు, మొదలియార్లు, మార్వాడీలు, గుజరాతీలు, పార్సీలు అందరూ వచ్చి చేరారు. అందుకే యిక్కడ షావుకారుకు అయిదు భాషలలో బేరం వస్తుంది. బడికి వెళ్లి నేర్చుకున్నది మాత్రం వొక్కటే అయివుంటుంది.

మామ తాతగారి కాలంలో గల్లాపెట్టెకు రెండు అరలు వుండేవట. చెరువుకు ఆవల హైదరాబాదులో నిజాంగారి హాలీ సిక్కా. యీవల దండులో కల్దారు, అంటే యింగ్లీషువారి రూపాయి. ఆరు కల్దార్లకు యేడు హాలీ రూపాయలు. చెరువు దాటి బేగంబజారులో సరుకు కొని, యిక్కడికి తెచ్చి అమ్మేవాడికి యీ లెక్క నిద్రలో కూడా తప్పకూడదు. 1957 యేప్రిలు మొదటి తారీఖున నయాపైసలు వచ్చాయి. ఆ మరుసటి యేటి నుంచి శేర్లూ ఛటాకులూ పోయి కిలోలూ గ్రాములూ మొదలయ్యాయి. 2016 నవంబరులో పాత నోట్లు రద్దయ్యాయి. 2017 జూలై నుంచి జీయస్టీ. యిన్నింటినీ యీ గజమున్నర గద్దె మీద కూర్చునే దాటారు మావాళ్లు. చరిత్ర మనకు పుస్తకంలో వస్తుంది. షావుకారుకు చిల్లరగా చేతికి వస్తుంది.

ఇక నా వ్యాపారం వినండి. మొదటి రోజు బోణీ మిరియాలు. తూకం సరిగ్గా ముల్లు నిలిచినట్టు వేసి పొట్లం కట్టాను. కొన్నావిడ కదలకుండా నిలబడింది. యెందుకో నాకు అర్థం కాలేదు. పక్క కొట్టు కుర్రవాడు, "కొసరు సారూ, కొసరు!" అని అరిచాడు. నాలుగు గింజలు వేశాను. ఆవిడ నవ్వి వెళ్లింది. త్రాసు పోయి యెలక్ట్రానిక్ తూకం వచ్చినా, కొసరు మాత్రం పోలేదు సుమా! నాలుగు గింజలలో వున్నది మిరియం కాదు, మర్యాద.

నాలుగో రోజున తప్పు చేశాను. ఇంకా బోణీ కాలేదు. ఒక ముసలమ్మ వచ్చి పావుకిలో కందిపప్పు, కాస్త చక్కెర కట్టించుకుని, "రాసుకో బిడ్డా" అంది. గోడమీద 'అరువు రేపు' అనే బోర్డు వుంది గదా! దాన్ని చూపించి, "బోణీ కూడా కాలేదమ్మా" అన్నాను. ఆమె యేమీ అనలేదు. పొట్లాలు బల్లమీద పెట్టి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం యీ సంగతి మామకు గొప్పగా చెప్పాను. ఆయన పచ్చకట్టు కింద నుంచి నా వైపు తిరిగి చాలాసేపు వూరుకున్నాడు.

"అల్లుడా, ఆమె ముప్పై యేండ్ల నుంచి మన దగ్గర్నే కొంటది. పింఛను రాంగనే ముందు మన బాకీ కట్టి తర్వాత యింటికి పోతది. ఆ బోర్డు తెల్వనోళ్లకు. తెలిసినోళ్లకు పుస్తకం వున్నది."

మర్నాడు పొట్లాలు నేనే తీసుకుని ఆమె యింటికి వెళ్లాను. నిష్ఠూరం ఆడుతుందనుకున్నాను. "మీ మామ కన్ను యెట్లున్నది?" అని మాత్రం అడిగింది.

అప్పటి నుంచి ఆ పుస్తకం శ్రద్ధగా చదివాను. ఎర్ర గుడ్డ అట్ట, మనిషికొక పేజీ. 2020 మార్చి చివర దేశమంతా తలుపులు వేసుకున్న నాటి పేజీలు నల్లగా నిండిపోయి వున్నాయి. ఆ నెలలలో మామ పోలీసులు అనుమతించిన వేళలలో దుకాణం తీసి, అడిగినవాళ్లకల్లా రాసి యిచ్చాడు. కొన్ని పద్దులకు యిప్పటికీ కొట్టివేత గీత పడలేదు. తిరగేస్తూ వుంటే మా యింటి పేజీ వచ్చింది. బియ్యం, నూనె, పసుపు, నా మందులు తెప్పించిన డబ్బులతో సహా. చివరి పద్దు 2021 దీపావళి. దాని తరువాత రెండు పేజీలు మా పేరుతోనే ఖాళీగా వున్నాయి. మళ్లీ వస్తామని వుంచాడు కాబోలు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. మా యింట్లో వాళ్లు తెప్పించుకున్న కందిపప్పు పది నిమిషాలలో వాకిట్లోకి చేరిందట. కందిపప్పు బస్తాల నడుమ కూర్చుని ఆ కబురు చదువుకున్నాను.

వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండున్నాయి. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులా వచ్చి వున్నదాన్ని లేపి తాను కూర్చుంటుంది. మామ తన కాలంలో వచ్చిన ప్రతి కొత్తదాన్నీ ఆగమంగానే చేసుకున్నాడు. ఫోనుతో డబ్బు కట్టే గళ్ల కాగితం కూడా లక్ష్మీదేవి పటం కిందనే అంటించాడు. ఈ పది నిమిషాల సరుకు మాత్రం యేదో నాకు తేలలేదు.

పదకొండో రోజున మామ నల్ల కళ్లద్దాలతో వచ్చి గద్దె యెక్కాడు. లెక్క వొప్పజెప్పాను. నూరు రూపాయల సరుకు అమ్మితే అద్దె, కరెంటు, కుర్రవాడి జీతం పోను అయిదారు రూపాయలు మిగిలాయి. "బాగనే చేసినవ్" అన్నాడు. తరువాత, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. మలిగె యజమాని ఖాళీ చేయమంటున్నాడు. మంచి సొమ్మే యిస్తానంటున్నాడు. ఆషాఢంలో వుజ్జయిని మహంకాళి బోనాలలోగా జవాబు చెప్పాలి.

"రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి అమ్మ వానల సంగతి చెప్తది, పంటల సంగతి చెప్తది. నా కొట్టు సంగతి చెప్పదు గదా! నువ్వు చదువుకున్నోడివి. చెప్పు అల్లుడా, వుంచుమంటవా, తీసెయ్యమంటవా?"

పది రోజుల కిందట అయితే వెంటనే సలహా చెప్పివుందును. ఇప్పుడు నోరు రాలేదు. వుంచమనడానికి నాకేం హక్కు వుంది? తీసెయ్యమనడానికి ముసలమ్మ గుర్తుకు వచ్చింది. జేబులోంచి కాగితం తీసి, "మా యింటి నెల సరుకులు" అన్నాను.

మామ కళ్లద్దాలు పైకెత్తి చీటీ చదివాడు. నవ్వాడు.

"నీ వొక్క యింటితోని దుకాణం నిలువదు బిడ్డా."

"తెలుసు మామా."

ఆయన యెర్ర పుస్తకం తీసి, మా పేరున్న ఖాళీ పేజీ విప్పి, తారీఖు వేశాడు. మొదటి పద్దు కందిపప్పు.