చెలకలో రేడియో, జనగామలో చెవి

జనగామలో మా ఇల్లు రైలు పట్టాలకు కూతవేటు దూరం. పైన 25,000 వోల్టుల తీగ. బండి వచ్చిందంటే షార్ట్‌వేవ్‌లో పేలాలు వేయించినట్టు చప్పుడు. బండి పోయాకైనా సుఖమా అంటే, ఎల్‌ఈడీ బల్బులూ ఇన్వర్టరూ పక్కింటి చార్జరూ అందుకుంటాయి. మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం రేడియో సిలోన్ పట్టుకుని కూర్చున్న ఇంట్లో పెరిగినవాణ్ని, ఈ గోల నా వల్ల కాలేదు.

ఉపాయం చెలకలో దొరికింది. మానుకోట అవతల మా ఊళ్లో బాపు మంచం దిగకుండా సెల్‌ఫోన్ నొక్కి బోరు మోటరు వేస్తాడు. స్టార్టర్ పక్కన సిమ్ కార్డు డబ్బా ఒకటి, అంతే. మోటరు తిరగంగా లేనిది రేడియో తిరగదా?

మొదట నాబ్‌కు చిన్న మోటరు తగిలించాను. డయల్ దారం జారింది. కంప్యూటర్ 31 మీటర్లు అంటుంటే ముల్లు 25 దగ్గర నిలబడేది. ఇక లోపలికి దిగక తప్పలేదు. ఈ సెట్టులో ఆసిలేటర్ తన కంపనాన్ని గాలిలోంచి వచ్చినదానితో కలుపుతుంది. తేడా 455 కిలోహెర్ట్జ్ రావాలి, తర్వాతి భాగాలన్నీ ఆ ఒక్క అంకెనే వింటాయి. ఒకప్పుడు ఆకాశవాణి హైదరాబాద్ పలికిన 4800 కావాలంటే ఆసిలేటర్ 5255 మీద ఉండాలన్నమాట. పాత ఆసిలేటర్‌ను విడదీసి, ఆ చోట కందిపప్పు బద్దంత సై5351 చిప్ తీగ అతికాను. లాప్‌టాప్ ఆర్డ్వినో అనే చిన్న బోర్డుకు అంకె చెబుతుంది, ఆర్డ్వినో చిప్‌కు చెబుతుంది.

చిక్కల్లా గ్యాంగ్ కండెన్సర్‌తోనే. ఏరియల్ వైపుదీ ఆసిలేటర్ వైపుదీ ఒకే ఇరుసు మీద కాడెద్దుల్లా కలిసి తిరిగేవి. నేను ఒక ఎద్దును విప్పేశాను, రెండోది ఉన్నచోటే నిలబడిపోయింది. బ్యాండు మారిస్తే దాన్ని నల్ల నాబ్ పట్టుకుని చేత్తోనే తిప్పాలి.

భూపాలపల్లి సింగరేణిలో పనిచేసే మా బామ్మర్ది ఇదంతా చూసి, "బావా, ఫోన్‌ల అన్ని పాటలు దొరుకుతయి గదా" అన్నాడు. నేను టంకం పొగ చాటున తలదాచుకున్నాను.

సెట్టూ లాప్‌టాపూ చెలకకు చేరిన మొదటి రాత్రి, జనగామ నుంచి నెట్ మీద వింటే అక్కడా గోలే. వెతికితే లాప్‌టాప్ చార్జరే దొంగ. పీకేస్తే బ్యాటరీ రెండు గంటలొస్తుంది, నా వినికిడీ అంతవరకే. 7 మెగాహెర్ట్జ్ దాటాక ఏదో పాట సన్నగా తగిలింది. బాపుకు ఫోన్ చేశాను.

"నల్ల నాబ్ జెర కుడికి తిప్పు బాపూ."

"ఇంతనా?"

"ఇంకొంచెం."

ఇక్కడ జనగామలో పాట ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఇదేం భాషరా?"

"చీనా వాళ్లది."

"మంచిగనే పాడుతాంది," అని ఫోన్ పెట్టేసి, మంచం రేడియో దగ్గరికి జరుపుకున్నాడట.